నొసటి మీద కెమెరానా, మెడలోనా?

కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తే ఆట రగ్బీ. మనకు కబడ్డీ, ఖోఖో తెలిసినంతగా ఇది తెలియదు. టీవీలో ఎప్పుడైనా కనబడితే, ఎత్తైన మనుషులు ఒకరిమీద ఒకరు పడి కొట్టుకుంటున్నారని చానెల్ మార్చేస్తాం. కానీ దీనికో పిల్లల రూపం ఉంది. దాన్ని ట్యాగ్ రగ్బీ అంటారు. ఇందులో పడదోసుకోవడాలు లేవు. ఒక్కొక్కరి నడుముకు రెండు రిబ్బన్లు వేలాడుతుంటాయి. బంతి పట్టుకున్న పిల్ల రిబ్బను లాగేస్తే చాలు, పట్టుకున్నట్టే లెక్క. ఆరో తరగతి ఆడపిల్ల కూడా హాయిగా ఆడగలదు.

మా ఆడపడుచు జహీరాబాద్‌లో పి.ఇ.టి. టీచరు. ఆదివారాలు పిల్లల్ని పోగేసి ఈ ఆట నేర్పిస్తుంది. చుట్టుపక్కల బడుల మధ్య పోటీలు పెడితే రిఫరీ కూడా తనే. ఒక పోటీ అయ్యాక గ్రౌండు అంచున నిలబడ్డ మగవాళ్ళు నలుగురైదుగురు తనను చుట్టుముట్టి, "మా పిల్లల్ని కావాలనే ఓడగొట్టినవ్" అని అరిచారు. అందులో ఒకాయన "ఆడామె విజిల్ ఊదుడేంది" అని కూడా అన్నాడట. ఆ రాత్రి మా ఇంటికొచ్చి భోజనం మధ్యలో అడిగింది.

"వదినా, తలకు కట్టుకునే కెమెరా ఉంటది గదా. నీకు ఇసొంటియి తెలుసు. ఏది మంచిదో సూడు."

తెలియడమంటే, ఫొటోల పిచ్చి కొద్దీ నాలుగు పుస్తకాలు తిరగేసినదాన్ని, అంతే. అయినా ఈ పని మీద నెల రోజులు తిరిగాను. తిరిగిన కొద్దీ తెలిసిందేమంటే, ఏ కంపెనీ కెమెరా అన్నది రెండో ప్రశ్న. ఒంటి మీద ఎక్కడ పెట్టాలన్నది మొదటిది.

ఇలా ఒంటికి తగిలించుకునే కెమెరాలు పుట్టింది సముద్రపు అలల మీద. నిక్ వుడ్‌మన్ అనే అమెరికా కుర్రాడు అలల మీద పలక వేసుకుని జారే ఆట ఆడుతూ, ఆ ఆటను లోపలినుంచి ఫొటో తీయాలనుకున్నాడు. 2002లో కంపెనీ పెట్టాడు. అదే గోప్రో. 2004లో వాళ్ళు అమ్మిన మొదటి కెమెరా మణికట్టుకు కట్టుకునేది, అదీ ఫిల్ము రీలు వేసేది. తలకు, ఛాతీకి, సైకిలు హ్యాండిలుకు పెట్టుకోవడం ఆ తరవాతి సంగతి. ఇప్పుడు పెద్ద పెద్ద రగ్బీ మ్యాచిల్లో రిఫరీ కెమెరా మామూలైపోయింది. 2025లో అమెరికాలో జరిగిన ఫుట్‌బాల్ క్లబ్ ప్రపంచ కప్పులో రిఫరీలకు చెవి పక్కన చిన్న కెమెరా పెట్టి, వాళ్ళ కంటికి కనబడినట్టే జనానికి చూపించారు.

అవన్నీ చూసేవాళ్ళ సరదాకి. మా ఆడపడుచుకు కావలసింది వేరు. ఆ వేరేదాన్ని ఇంగ్లండు ఫుట్‌బాల్ సంఘం 2023లోనే మొదలుపెట్టింది. అక్కడ ఆదివారాలు ఆడే మామూలు లీగుల్లో రిఫరీలను తిట్టడం, కొట్టడం మితిమీరిపోయింది. దాంతో మిడిల్స్‌బరో ప్రాంతంలో మొదలుపెట్టి రిఫరీల ఛాతీకి కెమెరాలు తగిలించి పరీక్షించారు. గోలు అయిందా కాలేదా తేల్చడానికి కాదు, నోరు పారేసుకునేవాళ్ళను అదుపులో పెట్టడానికి. ఈ సంగతి చెప్పగానే మా ఆడపడుచు ముఖం వెలిగింది. "అంటే అక్కడ మొగ రిఫరీలకు గూడ ఇదే బాధనా!" అంది. తనొక్కతే కాదన్న ధైర్యం కెమెరాకన్నా ముందు వచ్చేసింది.

నూనె జుట్టు, జారే బెల్టు

పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే మా వీధి అబ్బాయి దగ్గర ఒక కెమెరా, తలకు పెట్టే ఎలాస్టిక్ బెల్టు అద్దెకు తెచ్చాం. కెమెరా బరువు 150 గ్రాముల పైచిలుకు. చేతిలో పెట్టుకుంటే బరువనిపించదు. నొసటి మీద పెట్టుకుని ఇరవై నిమిషాలు పరుగెత్తితే తెలుస్తుంది. బెల్టు బిగిస్తే తలనొప్పి, వదులు చేస్తే జారుడు. పొద్దున తలకు నూనె పెట్టి జడ వేసుకుంటే ఇక చెప్పక్కర్లేదు. మొదటి సగం అయ్యేసరికి మా కెమెరా ఆకాశాన్ని తీస్తోంది. కొంగల గుంపు ఒకటి చక్కగా పడింది, బంతి మాత్రం లేదు. ఈ బెల్టులు చేసినవాళ్ళెవరూ జడను దృష్టిలో పెట్టుకోలేదనిపిస్తుంది. జడను బెల్టు కిందినుంచి తీసి, నొసట పలచటి నూలు గుడ్డ మడిచి పెడితే కాస్త నయం.

నీళ్ళబిందె నెత్తిన పెట్టుకుని నడిచిన ఆడవాళ్ళను చూడండి. నడుము కదులుతుంది, మెడ కదలదు. కింద చుట్టకుదురు ఉంటుంది. రిఫరీ అలా నడవడానికి లేదు. బంతిని చూడాలి, గీత చూడాలి, వెనక ఎవరు ముందుకు దూకుతున్నారో చూడాలి. క్షణానికోసారి తల తిరుగుతుంది. మన కళ్ళు తిరిగితే మెదడు సర్దుకుంటుంది గానీ, కెమెరా సర్దుకోదు. ఇప్పటి కెమెరాల్లో కుదుపులు తగ్గించే ఏర్పాటు బాగానే ఉంది. పరుగు కుదుపును అది మింగేస్తుంది. తల గిరుక్కున తిప్పినదాన్ని మాత్రం ఏమీ చేయలేదు. ఆ వీడియో పది నిమిషాలు చూసి మా అత్తగారు "నాకు బస్సెక్కినట్టున్నదమ్మా" అని లేచి వెళ్ళిపోయారు.

ఇంకో ఇబ్బంది. ఇలాంటి కెమెరాల కన్ను బాగా వెడల్పు. ఎక్కువ జాగా పట్టడం కోసం అలా చేస్తారు. దానివల్ల పది అడుగుల దూరంలో ఉన్న పిల్ల ఇరవై అడుగుల దూరంలో ఉన్నట్టు కనబడుతుంది. గీతలు అంచుల దగ్గర వంగిపోతాయి. "చూడండి, గీత దాటింది" అని ఎవరైనా వీడియో ఆపి వేలు పెట్టి చూపిస్తే నమ్మకండి. కెమెరాలో చూపు వెడల్పు తగ్గించుకునే వీలుంటుంది, కొన్న రోజే తగ్గించి పెట్టుకోవాలి.

రగ్బీలో మరీ పెద్ద తగువు ముందుకు వేసిన పాస్ గురించి వస్తుంది. బంతిని చేతితో ముందుకు వేయకూడదు, పక్కకో వెనక్కో వేయాలి. కానీ పరుగెత్తుతూ వెనక్కి వేసినా, బంతి నేల మీద కొంత ముందుకే పోవచ్చు. నడిచే బస్సు కిటికీలోంచి మామిడి టెంకను మెల్లగా వెనక్కి విసిరితే ఏమవుతుంది? టెంక రోడ్డు మీద కొంతదూరం బస్సుతోబాటు వస్తుంది. అదే ఇది. అందుకే రిఫరీ చూడవలసింది చేతులు ఎటు కదిలాయన్నదే గానీ బంతి ఏ గీత దగ్గర పడిందన్నది కాదు. కెమెరాకు ఈ తేడా తెలియదు. పైగా రిఫరీ కూడా పరుగులోనే ఉంటుంది. ఆ బొమ్మ పట్టుకుని తీర్పు తిరగరాయమంటే అన్యాయమే. అసలు రగ్బీ నియమాల ప్రకారం మైదానంలో రిఫరీ మాటే ఆఖరు. పెద్ద మ్యాచిల్లో టీవీ చూసి చెప్పే ఇంకో అధికారి ఉంటాడు. మన ఆదివారం ఆటల్లో ఎవరున్నారు?

పస్తాపూర్ ఆడవాళ్ళు ముందే చెప్పారు

ఈ వీడియోల్లో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది వేరే ఉంది. మా ఆడపడుచు ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. నొసటి మీద కెమెరా అంటే ఇంకాస్త పైనుంచి చూడటం. ఆడేది పదకొండు, పన్నెండేళ్ళ పిల్లలు. బొమ్మలో వాళ్ళ పాపిట్లు కనబడుతున్నాయి, పైకెత్తిన బెదురు కళ్ళు కనబడుతున్నాయి. తప్పు జరిగిందని విజిల్ వేసి, పిల్లతో మెత్తగానే మాట్లాడింది. వీడియోలో మాత్రం పోలీసు స్టేషన్లో నిలబెట్టినట్టుంది. మనసున్న మనిషి, కటువు బొమ్మ.

దీనికి పేరు మా పక్క ఊళ్ళోనే ఉంది. జహీరాబాద్‌ను ఆనుకుని ఉన్న పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామందికి తెలుసు. జొన్న, కొర్ర, సామ విత్తనాలు కాపాడిన సంఘం ఆడవాళ్ళు వీళ్ళే. ఎక్కువమంది దళిత స్త్రీలు, గుంటెడు గుంటెడు భూమి ఉన్నవాళ్ళు. ఏటా సంక్రాంతి నుంచి ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరిగే పాత పంటల జాతర వీళ్ళదే. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది కూడా వీళ్ళకే.

వీళ్ళలో కొందరు తొంభైల చివర్లో వీడియో కెమెరా పట్టారు. సంస్థను నడిపిన పి.వి. సతీశ్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేసిన మనిషి. 2023 మార్చిలో చనిపోయారు. అక్షరం రాని ఆడవాళ్ళకు కెమెరా వస్తుందని ఆయన నమ్మారు. వచ్చింది. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. హుమ్నాపూర్ లక్ష్మమ్మ, జహీరాబాద్ పుణ్యమ్మ వంటివాళ్ళు పొలంపని చేస్తూనే సినిమాలు తీశారు. 2002లో మనదేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చినప్పుడు, వరంగల్ రైతుల పొలాలకు సీజను పొడుగునా మళ్ళీ మళ్ళీ వెళ్ళి, అదే మనుషులతో మాట్లాడి తీసిన సినిమా దేశాలు తిరిగింది. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్‌లో 90.4 మీద సంఘం రేడియో మొదలైంది. దాన్నీ ఆడవాళ్ళే నడిపారు.

నాకు పనికొచ్చింది వాళ్ళు కెమెరా కోణాలకు పెట్టుకున్న పేర్లు. సినిమా భాషలో హై యాంగిల్, లో యాంగిల్ అంటారే, అవి వీళ్ళకు అక్కర్లేకపోయాయి. పైనుంచి కిందికి చూసే షాట్ 'పటేల్ షాట్'. ఊరి పటేలు అరుగు మీద కూర్చుని కూలిమనిషిని చూసే చూపు. కిందినుంచి పైకి చూసేది బానిస చూపు. నేల మీద కూర్చున్న జీతగాడికి దొర ఎలా కనబడతాడో అలా. ఇక కళ్ళలో కళ్ళు పెట్టి సమంగా చూసేది 'సంఘం షాట్'. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా, అందుకని. సినిమా పాఠాలు చెప్పే పుస్తకాలు వంద పేజీల్లో తిప్పి తిప్పి చెప్పే సంగతి ఇది. వీళ్ళు మూడు పేర్లలో తేల్చేశారు.

అంటే మేము నొసటికి కట్టి తీసిందంతా పటేల్ షాటే అన్నమాట! ఆ మాట చెబితే మా ఆడపడుచు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత టేపు తెచ్చి కొలవమంది. పన్నెండేళ్ళ పిల్లను నిలబెట్టి కళ్ళ దాకా కొలిస్తే సుమారు నాలుగడుగుల ఆరంగుళాలు. మా ఆడపడుచుకు అదే ఎత్తులో ఏముంది? మెడ కింద ఎముక. అక్కడ కెమెరా పెడితే, పిల్ల కళ్ళూ కెమెరా కన్నూ ఒక్కచోట కలుస్తాయి.

ఇంగ్లండులో ఛాతీకి కట్టినట్టు కడదామంటే ఆ పట్టీలు మనకు సుఖం కాదు. భుజాల మీదుగా, రొమ్ముల చుట్టూ బిగించి, మధ్యలో డబ్బా పెట్టుకుని మగవాళ్ళ మధ్య పరుగెత్తమని నేను ఏ ఆడపిల్లకూ చెప్పను. చేతులు ఎత్తి సైగ చేసినప్పుడల్లా మోచేతులు అడ్డం వస్తాయి కూడా. మెడలో వేసుకునే రకం ఒకటి ఉంది. ఇన్‌స్టా360 వారు 2023లో తెచ్చిన గో 3 కెమెరా 35 గ్రాములు, బొటనవేలంత. మెడలో అయస్కాంతపు బిళ్ళ దండలా వేసుకుని బట్ట లోపల ఉంచుకుంటే, బయట కెమెరా దానికి అతుక్కుంటుంది. వదులు చొక్కా అయితే ఊగుతుంది, బిగువు టీషర్టు మీద నిలుస్తుంది. మంగళసూత్రం ఉన్నవాళ్ళు మాత్రం రెండూ తగులుకోకుండా చూసుకోవాలి. ఈ సంగతి కంపెనీ కాగితంలో రాసి ఉండదు.

దీనికీ లోపాలున్నాయి. బ్యాటరీ ఒక్కసారికి 45 నిమిషాలని కంపెనీ మాట. ఏడుగురేసి ఆడే సెవెన్స్ రగ్బీ ఏడేసి నిమిషాల రెండు భాగాలు, మొత్తం 14 నిమిషాలు. పిల్లల ఆటలూ దాదాపు అంతే. ఒక మ్యాచికి దిగులు లేదు. రోజంతా ఆరేడు మ్యాచిలుంటే మధ్యలో ఛార్జింగు పెట్టాల్సిందే. పదిహేనుగురి అసలు ఆట 80 నిమిషాలు, దానికి ఇది చాలదు. అక్కడ పెద్ద కెమెరా, రెండు విడి బ్యాటరీలు ఉండాలి. విడి కార్డు వేసుకునే రకమైతే 64 జీబీ కార్డు మామూలు నాణ్యతలో రెండు గంటలకు తక్కువ రాదు. మా ఎర్రమట్టి నేల మీద దుమ్ము సంగతి చూసుకోవాలి. కన్నును కొంగుతో తుడిస్తే గీతలు పడతాయి, గాలి బుడ్డితో ఊదాలి. ఏప్రిల్, మే ఎండల్లో గ్రౌండు అంచున కదలకుండా పెడితే కెమెరా వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది.

గట్టిగా పడదోసుకునే పెద్దపిల్లల ఆటలో అయితే ఏదీ పెట్టుకోవద్దంటాను. రిఫరీకీ ఆటగత్తెకూ ఢీ జరుగుతూనే ఉంటుంది. నొసటి మీది గట్టి ప్లాస్టిక్కు పిల్ల ముక్కు ఎత్తులో ఉంటుందని గుర్తు పెట్టుకోండి. పోటీలు నడిపేవాళ్ళ అనుమతి కూడా ముందే తీసుకోవాలి.

ఇంకా ముఖ్యమైంది మాట. నన్నడిగితే ఈ వ్యవహారంలో బొమ్మకన్నా శబ్దం విలువైనది. ఆ రోజు మగవాళ్ళు చుట్టుముట్టినప్పుడు ఎవరేమన్నారో తరవాత ఎవరూ ఒప్పుకోలేదు. "మేమట్ల అనలే" అన్నారు. మాట రికార్డయి ఉంటే తగువు అక్కడే తీరేది. గాలి హోరు తగ్గించడానికి మైకు రంధ్రం మీద పలచటి స్పాంజి ముక్క అంటించాం, పైసా ఖర్చు లేదు. ఎర్రలైటు మాత్రం కనబడేట్టే ఉంచాం. దొంగచాటుగా తీయడం మా ఉద్దేశం కాదు. ఆటకు ముందే మైకులో చెబుతుంది, "రిఫరీ మెడలో కెమెరా ఉన్నది, మాటలు గూడ రికార్డయితయి" అని. చెప్పిన మొదటి ఆదివారమే అంచున గొంతులు తగ్గాయి.

మిగిలింది పిల్లల తల్లిదండ్రుల అనుమతి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వాళ్ళ విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం మాట అటుంచి, మన పిల్ల పరుగెత్తే వీడియో ఎవరి ఫోనులో ఉందో తెలియకపోతే మనం ఊరుకుంటామా? తెలుగు, ఉర్దూ రెండింట్లో చీటీ రాయించాం. వీడియో ఎక్కడా పెట్టం, వాట్సాప్‌లో పంపం, పోటీ అయిన పదిహేను రోజులకు చెరిపేస్తాం, అప్పటిదాకా బడి హెడ్‌మిస్ట్రెస్ బీరువాలో ఉంటుంది, చూడాలనుకున్న తల్లి బడికొచ్చి చూడవచ్చు. ఇంతే. తల్లులు ఒక్కొక్కరూ నిలబెట్టి అడిగారు. "ఫోన్లల్ల ఎక్కించరు గదా?" "మా ఆయనకు సూపిస్తరా?" ఈ రెండో ప్రశ్న ఎందుకడిగారో మనకు తెలుసు. నిక్కరు వేసుకుని ఆడుతోందని ఇంట్లో తెలియని పిల్లలున్నారు.

ముగ్గురు తల్లులు వద్దన్నారు. ఆ ముగ్గురు పిల్లలూ బాగా ఆడేవాళ్ళే, ముగ్గురూ ఒకే జట్టు. వాళ్ళను తప్పిస్తే జట్టు లేదు. మా ఆడపడుచు రెండు రోజులు ఆలోచించింది. ఇప్పుడు ఆ జట్టు ఆడేటప్పుడు కెమెరా తీసి నా చేతికిస్తుంది. మైకులో ఆ సంగతి చెప్పదు, ఎర్రలైటు లేదని అంచునున్న వాళ్ళకు ఎప్పుడు తెలుస్తుందో తెలియదు. అందుకని ఆ పద్నాలుగు నిమిషాలూ మా అత్తగారూ, నేనూ, ఇంకో ఇద్దరు తల్లులూ మగవాళ్ళు నిలబడే వైపు వెళ్ళి నిలబడుతున్నాం.